కౌంట్ తక్కువున్నప్పుడు ఐయూఐ: ఎవరికి పనికొస్తది, ఎవరికి దండుగ

మెడికల్ షాపు, మిర్యాలగూడ

షాపుకు వచ్చేటోళ్ళు చేతిల సెమెన్ (వీర్య పరీక్ష) రిపోర్టు పట్టుకొని ఒక్కటే అడుగుతున్నరు: "కౌంట్ 12 మిలియన్లే ఉందంట, ఐయూఐ చేస్తే అయితదా?" ఒకరికి డాక్టరు ఐయూఐ రాస్తరు, అంటే వీర్యకణాలను గర్భసంచిలకు ఎక్కించుడు. ఇంకొకరికి నేరుగ ఐవీఎఫ్ అంటరు, అంటే గుడ్డును, కణాన్ని ల్యాబ్‌ల కలుపుడు. కౌంట్, అంటే ఎంఎల్‌కు వీర్యకణాల సంఖ్య, చూస్తే ఇద్దరికీ ఒకటే. ఈ తేడా ఎక్కడ వస్తది? ల్యాబ్‌ల పనిచేసేటోళ్ళు, డాక్టర్లు ఉంటే వివరంగ రాయండి. "దేవుడి దయ ఉంటే అయితది" లాంటి జవాబులు వద్దు.

ఆండ్రాలజీ ల్యాబ్

కౌంట్ ఒక్కటి చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. రిపోర్టులోంచి మూడు అంకెలు తీసుకోండి: మొత్తం ఎన్ని ఎంఎల్, ఎంఎల్‌కి ఎన్ని మిలియన్లు, అందులో ముందుకు ఈదేవి ఎంత శాతం. మూడింటినీ గుణించండి.

ఇద్దరికీ కౌంట్ 12 మిలియన్లే అనుకుందాం. మొదటాయనకు 3 ఎంఎల్ వచ్చింది, ముందుకు ఈదేవి 40 శాతం. మొత్తం 14 మిలియన్ల పైచిలుకు. రెండో ఆయనకు 1 ఎంఎల్, 15 శాతం. 2 మిలియన్లు కూడా కాలేదు. ఒకరికి ఐయూఐ, ఇంకొకరికి ఐవీఎఫ్ ఎందుకు రాశారో ఇక్కడే తెలిసిపోతుంది.

ఇది కూడా వాష్‌కు, అంటే వీర్యాన్ని కడిగి మంచి కణాలను వేరుచేయడానికి, ముందు లెక్క. వాష్ అయ్యేసరికి సగం కూడా మిగలకపోవడం మామూలే, గర్భసంచిలోకి ఎక్కించేది ఆ మిగిలినదే. వాష్ తర్వాత కదిలేవి 10 మిలియన్లు దాటితే మంచిది. 5 నుంచి 10 ఉంటే చేయవచ్చు. 5 కంటే తగ్గేకొద్దీ అవకాశం బాగా పడిపోతుంది. 1 మిలియన్ లోపైతే ఐయూఐ మాట మానేసి ఇక్సీ (ఒక్కో గుడ్డులోకి ఒక్కో కణాన్ని సూదితో ఎక్కించే ఐవీఎఫ్) గురించి మాట్లాడుకోవాలి. అందుకని మగవాళ్ళ వైపు తేడా ఉందని తెలిసినప్పుడు ఐయూఐ నెలకు ముందే ఒక ట్రయల్ వాష్ చేయించుకోవడం తెలివైన పని. స్కాన్లు, సూదులు అన్నీ అయ్యాక ఆ రోజు పొద్దున ల్యాబ్‌లో "అర మిలియనే వచ్చింది" అనిపించుకునే బాధ తప్పుతుంది.

రిపోర్టు పక్కన అచ్చేసే "నార్మల్" గీతలు డబ్ల్యూహెచ్‌ఓ 2021 ఎడిషన్‌వి: 1.4 ఎంఎల్, ఎంఎల్‌కి 16 మిలియన్లు, మొత్తం కదలిక 42 శాతం, ముందుకు ఈదేవి 30 శాతం, సరైన ఆకారం 4 శాతం. ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన మగవాళ్ళ కొలతలు తీసి, అడుగు నుంచి 5 శాతం దగ్గర గీసిన గీత అది. అంటే ఆ గీత కింద ఉన్నవాళ్ళలోనూ తండ్రులైనవాళ్ళు ఉన్నారు. దాటినంత మాత్రాన గ్యారంటీ ఏమీ లేదు.

స్టాఫ్ నర్స్, పాలమూరు

శాంపిల్ ఇచ్చే పద్ధతి సరిగ లేకనే సగం రిపోర్టులు చెడిపోతయి. కలయిక లేకుండ 2 నుంచి 7 రోజులు ఉండాలె. ఐయూఐ రోజుకైతే 2, 3 రోజులు చాలు. పది పదిహేను రోజులు ఆపుకుంటే కౌంట్ పెరుగుతది గని కదలిక తగ్గుతది, చచ్చినయి ఎక్కువైతయి.

మొదట పడే చుక్కలల్లనే కణాలు ఎక్కువుంటయి. అవి డబ్బా బయట పడితే సిగ్గుపడి దాచిపెట్టొద్దు, ల్యాబ్‌ల చెప్పాలె. చెప్పకపోతే లేని జబ్బు రిపోర్టుల కనబడతది. సబ్బు, కొబ్బరినూనె, ఉమ్మి, షాపుల దొరికే జెల్లు, మామూలు కండోమ్ ఏదీ వాడొద్దు, కణాలకు విషమే అవన్నీ.

ఇంటికాడ తీసి తెస్తమని చాలమంది అడుగుతరు. గంటలోపల ల్యాబ్‌ల ఉండాలె. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో హైదరాబాద్‌కు గంటల వచ్చుడు అయ్యే పని కాదు, కాబట్టి సెంటర్‌లనే ఇయ్యాలె. ఊళ్ళె ఉన్నోళ్ళు తెచ్చేటట్టయితే డబ్బాను ఒంటికి ఆనించుకొని, బట్టల లోపల పెట్టుకొని తేవాలె. ఐస్ డబ్బల పెట్టొద్దు, ఎండల బండి డిక్కీల అసలే వద్దు.

ఒక్క రిపోర్టుతోటి ముద్ర వేసుకోకుండ్రి. తేడా వస్తే మళ్ళొకసారి చేయించాలె.

యూరాలజీ, నల్లగొండ

పైన ఇద్దరూ చెప్పినవి సరే. ఒక మెట్టు వెనక్కి వెళ్దాం. కౌంట్ ఎందుకు తగ్గిందో వెతక్కుండానే ఐయూఐకి పంపేస్తున్న కేసులు ఎక్కువ. భార్యకు నాలుగు స్కాన్లు అయిపోయుంటాయి, భర్తను పడుకోబెట్టి చేత్తో ఒక్కసారి పరీక్షించినవాళ్ళు ఉండరు.

చేత్తో తెలిసే వేరికోసీల్, అంటే బీజాల పైన రక్తనాళాలు ఉబ్బి పురుగుల మూటలా తగలడం, దానికి తోడు రిపోర్టు కూడా బాగాలేకపోతే మైక్రోసర్జరీ గురించి ఆలోచించాలి. ఫలితం చూడటానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది. స్కాన్‌లో మాత్రమే కనిపించే చిన్న వేరికోసీల్‌కు ఆపరేషన్ అక్కర్లేదు. "స్కాన్‌లో గ్రేడ్ వన్ ఉందట, కోయించుకోమన్నారు" అని వస్తే మరో డాక్టర్‌కు చూపించండి.

జిమ్‌లో కండల కోసం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వేయించుకున్న కుర్రాళ్ళు ఆ సంగతి అడిగితే తప్ప చెప్పరు. బయటి నుంచి హార్మోన్ ఎక్కితే మెదడు బీజాలకు పంపే సంకేతం ఆపేస్తుంది, కౌంట్ సున్నాకు కూడా పడిపోతుంది. ఆపితే చాలామందికి తిరిగి వస్తుంది, నెలలు పడుతుంది. మగతనం తగ్గిందని చెప్పి పిల్లలు కావాలనుకునే వాళ్ళకు అదే ఇంజెక్షన్ రాసేవాళ్ళూ ఉన్నారు. ఇది నేరుగా హాని చేసే పని.

వీర్యకణం తయారు కావడానికే రెండున్నర నెలలు, బయటికి వచ్చేసరికి దాదాపు మూడు నెలలు. పోయిన నెల డెంగీ జ్వరంతో మంచం పట్టిన మనిషికి ఈ నెల రిపోర్టు బాగుండదు. గుట్కా మానేసినా, మందు మానేసినా, షుగర్ అదుపులోకి వచ్చినా తేడా కనిపించేది మూడు నెలల తర్వాతే. పదిహేను రోజులకోసారి పరీక్ష చేయించడం ల్యాబ్‌కు లాభం, మనకు కాదు.

కౌంట్ 10 మిలియన్ల లోపుంటే ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టెరాన్ అనే హార్మోన్లు చూడాలి. 5 లోపుంటే కారియోటైప్ (క్రోమోజోముల పరీక్ష), వై క్రోమోజోమ్ పరీక్ష కూడా.

మెడికల్ షాపు, మిర్యాలగూడ

మా దిక్కు ఇంకొకటి గట్టిగ నమ్ముతరు సార్, మర్రిగూడ, నాంపల్లి దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళ వల్లనే పిల్లలు అయితలేరని. పత్తికి మందు కొట్టుడు వల్ల అని ఇంకొందరు.

యూరాలజీ, నల్లగొండ

ఫ్లోరైడ్ పళ్ళను, ఎముకలను ఏం చేస్తుందో నల్లగొండ జిల్లాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పిల్లలు కాకపోవడానికి కారణం అదేనని తేల్చేసి పరీక్షలు మానేస్తే మాత్రం, సరిచేయగలిగిన వేరికోసీలో హార్మోన్ లోపమో అలాగే ఉండిపోతుంది. మంచి నీళ్ళు తాగండి, వీర్య పరీక్షా చేయించండి.

పురుగుమందుల సంగతి వేరు. డీబీసీపీ అనే నులిపురుగుల మందు తయారుచేసే కార్మికుల్లో కౌంట్ సున్నాకు పడిపోవడం 1977లో కాలిఫోర్నియాలో బయటపడింది. ఆ మందు ఇప్పుడు వాడకంలో లేదు, కానీ మందులు బీజాల మీద పనిచేయగలవన్నది అక్కడే రుజువైంది. పత్తి చేలో బనియన్ మీద, ఒట్టి చేతుల్తో పిచికారీ చేసేవాళ్ళు చికిత్స జరిగే ఆ మూడు నాలుగు నెలలు ఆ పని ఇంకొకరికి అప్పగించడం మంచిది. కుదరకపోతే గ్లౌజులు, మాస్కు, నిండుగా బట్టలు, పని కాగానే స్నానం.

మెడికల్ షాపు, మిర్యాలగూడ

మా దగ్గర ఎక్కువ పోయేది జింకు, కో క్యూ టెన్, ఎల్ కార్నిటిన్ గోలీలు. నెలకు పదిహేను వందల నుంచి మూడు వేలు. పనిచేస్తయా?

యూరాలజీ, నల్లగొండ

జింకు, ఫోలిక్ యాసిడ్ కలిపి మగవాళ్ళకు ఇచ్చి చూసిన పెద్ద అమెరికన్ ట్రయల్ 2020లో వచ్చింది, రెండు వేల పైచిలుకు జంటల మీద. పుట్టిన పిల్లల సంఖ్య పెరగలేదు, వీర్యం కూడా మెరుగుపడలేదు. మీ గల్లాపెట్టెకు నచ్చని జవాబే, కానీ ఆ డబ్బు ట్రయల్ వాష్‌కు దాచుకోమనండి.

ఆండ్రాలజీ ల్యాబ్

ఇక వాష్ గురించి. చాలామంది "కడిగి ఎక్కిస్తారు" అని విని ఊరుకుంటారు. అసలు ఫలితం ఆ గంటన్నరలోనే తేలుతుంది.

శాంపిల్ రాగానే డబ్బా మీద, మూత మీద కాదు, భార్యాభర్తల పేర్లు, ఐడీ నంబరు ఉన్నాయా అని చూస్తాం. మూతలు మారిపోగలవు. తర్వాత 37 డిగ్రీల దగ్గర కరగనిస్తాం. 15 నుంచి 30 నిమిషాల్లో జిగురు పోయి నీళ్ళలా అవ్వాలి, గంట దాటినా కాకపోతే రిపోర్టులో రాయాలి. జిగురు పోని శాంపిల్‌ను అలాగే సెంట్రిఫ్యూజ్‌లో వేస్తే కణాలు ఆ జిగురులోనే చిక్కుకుపోతాయి, కింద ఏమీ చేరదు. మీడియా (కణాలను బతికించే ద్రవం) కలిపి నెమ్మదిగా పలచన చేసుకోవాలి.

మగవాళ్ళ వైపు తేడా ఉన్న శాంపిల్‌కు ఎక్కువగా గ్రేడియంట్ పద్ధతి వాడతాం. కోను ట్యూబులో అడుగున 80 శాతం ద్రావణం 1 ఎంఎల్, దాని మీద 40 శాతం 1 ఎంఎల్, రెండూ కలిసిపోకుండా గోడ మీదుగా జార్చాలి. వెలుతురుకు పట్టి చూస్తే మధ్యలో గీత స్పష్టంగా కనబడాలి. గీత చెరిగితే పారబోసి మళ్ళీ పోయాల్సిందే. పైన 1 ఎంఎల్ వీర్యం. 300 జీ (భూమి లాగే బలానికి 300 రెట్లు) దగ్గర 15 నుంచి 20 నిమిషాలు తిప్పితే చచ్చినవి, చెత్త, తెల్ల కణాలు పై పొరల్లో ఆగిపోయి, బరువైన మంచి కణాలు అడుగున చిన్న తెల్లటి చుక్కలా చేరతాయి. ఆ చుక్కను కొత్త పైపెట్‌తో తీసి, మీడియాలో కలిపి ఇంకోసారి తిప్పి, చివరకు 0.3 నుంచి 0.5 ఎంఎల్‌లో కలుపుతాం. పాత పైపెట్ వాడితే పైపొరల మురికి మళ్ళీ కలుస్తుంది.

రెండో పద్ధతి స్విమ్ అప్. అందులో ట్యూబును 45 డిగ్రీలు వాల్చి, మీడియా కింద వీర్యం ఉంచి, 37 డిగ్రీల దగ్గర 45 నుంచి 60 నిమిషాలు వదిలేస్తాం. ఈదగలిగినవి పైకొస్తాయి. చాలా శుభ్రంగా ఉంటుంది, కానీ వచ్చేవి తక్కువ. కౌంట్ బాగున్న శాంపిల్‌కు సరిపోతుంది. 8 మిలియన్ల శాంపిల్‌కు స్విమ్ అప్ చేస్తే చేతికి ఏమీ రాదు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే: త్వరగా అయిపోవాలని స్పీడు పెంచడం, ఫ్రిజ్‌లోంచి తీసిన మీడియాను చల్లగానే పోయడం, గడువు దాటిన మీడియా, వాష్ అయిన ట్యూబు డాక్టర్ వచ్చేదాకా గంటన్నర బల్ల మీద ఉండిపోవడం. డాక్టర్ ఇంకో ఆసుపత్రిలో ఆపరేషన్‌లో ఉంటే మేం వాష్ మొదలుపెట్టకుండా ఆగడమే మంచిది. కడగని వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించకూడదు. అందులోని ప్రోస్టాగ్లాండిన్లు అనే, గర్భసంచిని బిగదీసే పదార్థాల వల్ల భరించలేని కడుపునొప్పి వస్తుంది, ఇన్‌ఫెక్షన్ కూడా.

ఇంకో మాట. రిపోర్టులో "పస్ సెల్స్ 8-10" అని చూసి నెలల తరబడి యాంటీబయాటిక్ వాడుతుంటారు. మైక్రోస్కోప్ కింద గుండ్రంగా కనిపించేవన్నీ చీము కణాలు కావు, ఇంకా తయారుకాని వీర్యకణాలూ అలాగే ఉంటాయి. పెరాక్సిడేజ్ రంగు వేసి చూస్తేనే తేడా తెలుస్తుంది. ఎంఎల్‌కి 1 మిలియన్ తెల్లకణాలు దాటితేనే లెక్కలోకి వస్తుంది.

సందేహం, గద్వాల

మార్ఫాలజీ 2 శాతం అని వచ్చింది, ఐయూఐ కాదు అన్నరు. నిజమేనా?

ఆండ్రాలజీ ల్యాబ్

ఆకారం ఒక్కటే తక్కువై, కౌంట్, కదలిక బాగుంటే దాన్ని చూసి ఐయూఐ ఆపక్కర్లేదు. పైగా ఆకారం లెక్క చూసేవాళ్ళ కంటిని బట్టి మారుతుంది. ఒకే స్లైడుకు ఒకరు 2 రాస్తారు, ఇంకొకరు 5.

స్టాఫ్ నర్స్, పాలమూరు

ఆడవాళ్ళ వైపు సంగతి నేను రాస్త. ముందు ట్యూబులు, అంటే గుడ్డు గర్భసంచికి వచ్చే దారులు. కనీసం ఒకటి తెరుచుకొని ఉండాలె, లేకపోతే ఎంత మంచిగ వాష్ చేసినా దారి లేదు. హెచ్‌ఎస్‌జీ ఎక్స్‌రే (ట్యూబులల్లకు రంగుమందు పంపి తీసేది) నెలసరి ఆగినంక, పదో రోజులోపు చేస్తరు. గంట ముందు నొప్పిగోలీ వేసుకుంటే నడుస్తది. మన దేశంల ట్యూబులు మూసుకుపోనీకి టీబీ పెద్ద కారణం, ఆ చరిత్ర ఉంటే దాచొద్దు. ఇద్దరికీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, వీడీఆర్‌ఎల్ (సిఫిలిస్ పరీక్ష) కావాలె.

నెలసరి రెండో, మూడో రోజు నుంచి అయిదు రోజులు గుడ్డు పెరిగేతందుకు లెట్రోజోల్ గోలీ 2.5 లేదా 5 ఎంజీ. తొమ్మిది, పదో రోజు నుంచి స్కాన్లు. గుడ్డు ఉండే నీటిసంచి 18 నుంచి 20 ఎంఎం, గర్భసంచి పొర 7 ఎంఎం దాటితే గుడ్డు విడుదలయ్యేతందుకు హెచ్‌సీజీ సూది, 5000 లేదా 10000 యూనిట్లు. మూడు, నాలుగు గుడ్లు ఒక్కసారే పెరిగితే ఆ నెల ఐయూఐ ఆపేస్తరు. కవలలు, ముగ్గురు పడితే తల్లికీ పిల్లలకూ ప్రమాదమే. "ఎక్కువ గుడ్లు వచ్చినయి, మంచిదే గద" అనుకోవద్దు.

సూది టైము మన దిక్కు ఆగమయ్యేది ఇక్కడనే. సూది పడ్డ 36 గంటల చుట్టుపక్కల ఐయూఐ. సోమవారం రాత్రి 10కి సూది అంటే బుధవారం పొద్దున 10కి ఐయూఐ. కల్వకుర్తి నుంచో నారాయణపేట నుంచో వచ్చేటోళ్ళు రాత్రి సూది ఎవరు వేస్తరో ముందే మాట్లాడుకోవాలె. "రేపు పొద్దున వేయించుకుందం" అంటే లెక్క అంత తప్పుతది. సూది పెట్టెమీద 2 నుంచి 8 డిగ్రీలు అని రాసి ఉంటే థర్మాకోల్ డబ్బల ఐస్ ప్యాకులు పెట్టి తేవాలె, ఐస్‌కు నేరుగ తగలకుండ. గడ్డకట్టితే పారేయాల్సిందే. వేసిన టైము చీటీ మీద రాసుకొని రాండ్రి.

గైనకాలజీ, మహబూబ్‌నగర్

ప్రొసీజర్ చిన్నదే. మత్తు అక్కర్లేదు. మూత్రం కొంచెం నిండి ఉంటే గర్భసంచి వంపు సరిగ్గా వచ్చి కాథెటర్ (సన్నటి గొట్టం) తేలిగ్గా వెళ్తుంది. స్పెక్యులమ్ (యోనిని తెరిచి ఉంచే పరికరం) పెట్టి, జిగురును సెలైన్‌తో తుడిచి, మెత్తటి కాథెటర్‌ను గర్భసంచి లోపలి నోరు దాటించి, పై గోడకు తగలకుండా ఆపి, నెమ్మదిగా ఎక్కించాలి. పై గోడ గీరుకుంటే రక్తం వస్తుంది, గర్భసంచి ముడుచుకుంటుంది. మెత్తటి కాథెటర్ వెళ్ళకపోతేనే గట్టిది. ఎక్కించే ముందు ట్యూబు మీది ఇద్దరి పేర్లు పైకి చదివి వినిపించమని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

10, 15 నిమిషాలు పడుకుంటే చాలు. లేచాక తడి కనిపిస్తే వీర్యం కారిపోయిందని ఏడవక్కర్లేదు, అది కింది జిగురు, సెలైన్. బస్సులో ఇంటికి వెళ్ళవచ్చు, వంట చేసుకోవచ్చు. పద్నాలుగు రోజులు మంచం దిగకుండా పడుకోబెట్టే అత్తగార్లకు ఈ మాట చదివి వినిపించండి. జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి, పొట్ట ఉబ్బడం ఉంటే మాత్రం వెంటనే రావాలి.

గర్భ పరీక్ష పద్నాలుగు రోజులకు ముందు చేయవద్దు. పరీక్ష పట్టేది కూడా హెచ్‌సీజీనే కాబట్టి, ఆ సూది మందు ఒంట్లో ఉండగా చేస్తే రెండు గీతలు వచ్చి, తర్వాత మాయమైపోతాయి.

ఎంబ్రియాలజీ చదువు

ఒక అభ్యంతరం. బ్రిటన్‌లో చికిత్సల మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2013లోనే, మగవాళ్ళ వైపు స్వల్ప తేడా ఉన్న జంటలకు ఐయూఐ మామూలుగా ఇవ్వొద్దని రాసింది. రెండేళ్ళు ప్రయత్నించి ఐవీఎఫ్‌కు వెళ్ళమంది. మనం ఇంకా ఐయూఐనే ఎందుకు పట్టుకు వేలాడుతున్నాం?

గైనకాలజీ, మహబూబ్‌నగర్

అక్కడ ఐవీఎఫ్‌కు ప్రభుత్వం డబ్బు ఇస్తుంది, కనీసం లెక్క అలా వేసుకుని రాశారు. ఇక్కడ ఒక్క ఐవీఎఫ్‌కు లక్ష దాటుతుంది, మందులతో ఇంకా పెరుగుతుంది. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ సెంటర్‌కు 2023లో ప్రారంభోత్సవం జరిగింది, కానీ అందరికీ అక్కడే కుదరదు. ఇరవై ఆరేళ్ళ అమ్మాయి, ట్యూబులు బాగున్నాయి, వాష్ తర్వాత 8 మిలియన్లు: మూడు ఐయూఐలు న్యాయమే. ఒక్కో నెలకు నూటికి పది, పదిహేను మందికి మించి రాదని ముందే చెప్పాలి. ముప్పై ఎనిమిదేళ్ళ ఆమెకు అదే 8 మిలియన్లతో ఆరు నెలలు గడపడం మాత్రం ఆమె వయసును ఖర్చు చేయడమే. మీ అభ్యంతరం ఆమె విషయంలో నేనూ ఒప్పుకుంటాను.

సందేహం, గద్వాల

భర్త దుబాయ్‌ల, భార్య ఊళ్ళె. సెలవుల వచ్చినప్పుడు శాంపిల్ దాచిపెట్టి తర్వాత ఐయూఐ చేయించొచ్చా? మా పాలమూరుల ఇట్లాంటోళ్ళు మస్తుమంది.

ఆండ్రాలజీ ల్యాబ్

దాచవచ్చు, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో. కరిగించాక కదిలేవాటిలో సగం దాకా పోతాయి. కౌంట్ బాగున్న మనిషికి సరిపోతుంది. ఇక్కడ మనం మాట్లాడుతున్నదే తక్కువ కౌంట్ గురించి, 6 మిలియన్లు దాచితే బయటికి 2, 3 వస్తాయి, అది ఐయూఐకి చాలదు. సెలవు ఉన్నన్నాళ్ళలో రెండు మూడు రోజుల ఎడంతో మూడు నాలుగు శాంపిళ్ళు దాచి, ఇక్సీకి వాడుకోవడం మంచి లెక్క. సెలవును భార్య నెలసరికి కలిసేలా తీసుకోగలిగితే తాజా శాంపిల్‌తో ఐయూఐ అన్నిటికంటే నయం.

ఆ రోజు శాంపిల్ ఇవ్వలేకపోవడం కూడా తరచూ జరుగుతుంది. పక్క గదిలో అందరూ ఎదురుచూస్తుంటే ఎవరికైనా కష్టమే. ముందే ఒకటి దాచి ఉంచితే ఆ ఒత్తిడే ఉండదు.

సందేహం, గద్వాల

కణాలు అసలే లేకపోతే? ఇంట్ల తమ్ముని శాంపిల్ వాడొచ్చా అని అడుగుతున్నరు.

యూరాలజీ, నల్లగొండ

సున్నా అన్న రిపోర్టును ముందు సెంట్రిఫ్యూజ్ చేసి అడుగున వెతకమనాలి. వాల్యూమ్ కూడా తక్కువై, ఆమ్ల గుణం ఉండి, ఫ్రక్టోజ్ (వీర్యంలో ఉండాల్సిన చక్కెర) లేకపోతే దారి మూసుకుందనో, వీర్యనాళం పుట్టుకతోనే లేదనో అనుమానించాలి. లోపల కణాలు తయారవుతూ ఉంటాయి, సూదితో తీసి ఇక్సీ చేయవచ్చు. షుగర్ ఎక్కువున్న మనిషికి చాలా తక్కువ వీర్యం వస్తుంటే అది మూత్రాశయంలోకి వెనక్కి పోతోందేమో చూడాలి, వెంటనే మూత్రం తీసి పరీక్షిస్తే తెలుస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టెరాన్ రెండూ తక్కువైతే అదృష్టమే, సూదులతో కణాలు తిరిగి వస్తాయి. ఆరు నెలల నుంచి ఏడాది పైన ఓపిక కావాలి. వై క్రోమోజోమ్‌లో కణాల తయారీకి కావాల్సిన ఏజెడ్‌ఎఫ్ అనే భాగాల్లో ఏ గానీ బీ గానీ పూర్తిగా లేకపోతే కోసి వెతికినా దొరకవు. సీ అయితే దొరికే అవకాశం ఉంది.

గైనకాలజీ, మహబూబ్‌నగర్

తమ్ముడిది కుదరదు. 2021 ఏఆర్‌టీ (సంతాన చికిత్సల) చట్టం ప్రకారం దాత శాంపిల్ రిజిస్టర్ అయిన బ్యాంకు నుంచే రావాలి, దాతకు 21 నుంచి 55 ఏళ్ళు ఉండాలి, ఒక దాతది ఒక్క జంటకే. భార్యాభర్తలిద్దరి రాతపూర్వక అంగీకారం లేకుండా చేయకూడదు. పుట్టిన బిడ్డ చట్టం దృష్టిలో ఆ దంపతుల బిడ్డే, దాతకు ఏ హక్కూ ఉండదు. ఐయూఐ ఒక్కటే చేసే క్లినిక్ అయినా లెవెల్ 1 రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ సర్టిఫికెట్ గోడ మీద కనబడాలి. భర్త శాంపిల్ బాగాలేదని చెప్పకుండా ఎవరిదో కలిపేశారన్న అనుమానాలు పుట్టేది ఈ కాగితాలు లేని చోటే. మగపిల్లాడు పుట్టేలా వాష్ చేస్తామని ఎవరైనా అంటే అక్కడినుంచి లేచి రండి, అది నేరం.

మెడికల్ షాపు, మిర్యాలగూడ

ఆఖరిగ ఒకటి. మూడు ఐయూఐలు అయినంక వేరే డాక్టర్ దగ్గరికి పోతే మళ్ళ మొదటి నుంచి పరీక్షలు రాస్తున్నరు. ఏం కాగితాలు పట్టుకొని పోవాలె?

స్టాఫ్ నర్స్, పాలమూరు

హెచ్‌ఎస్‌జీ ఫిల్ము, రిపోర్టు ఒక్కటే కాదు ఫిల్ము కూడ. సెమెన్ రిపోర్టులు తారీఖుల వరుసల. ప్రతి ఐయూఐకి మూడు సంగతులు: గుడ్డు సైజు, సూది వేసిన టైము, వాష్ తర్వాత ఎన్ని మిలియన్లు. మూడోది డిశ్చార్జి చీటీల చాలమంది రాయరు, ఆ రోజే అడిగి రాయించుకోవాలె. తర్వాత అడిగితే రిజిస్టర్ దొరకలేదంటరు.

గైనకాలజీ, మహబూబ్‌నగర్

ఆ మూడో అంకె ఉంటే కొత్త డాక్టర్ అయిదు నిమిషాల్లో చెప్పగలరు. మూడుసార్లూ 2 మిలియన్లే ఎక్కించి ఉంటే నాలుగోది వద్దు. మూడుసార్లూ 10 దాటి కూడా రాకపోతే భార్య వైపు మళ్ళీ చూడాలి, ముఖ్యంగా ట్యూబులు, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపొర లాంటిది బయట పెరగడం). లేకపోతే వయసును బట్టి ఐవీఎఫ్.